తీగ బయటికి వెళ్లని గది

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే తలెత్తిన ప్రతిచోటా ఏదో ఒక కోర్సు బోర్డు. జావా, పైథాన్, శాప్, ఏడబ్ల్యూఎస్, డెవాప్స్... వాటి మధ్యన ఈమధ్య బాగా పెరిగినవి సైబర్ సెక్యూరిటీ బోర్డులు. ముఖానికి ముసుగు, ముందు ల్యాప్‌టాప్, వెనకాల ఆకుపచ్చ అంకెల వాన, అడుగున 'హండ్రెడ్ పర్సెంట్ ప్రాక్టికల్' అనే హామీ. ఆ హామీ ఎంతవరకు నిజమో కళ్లారా చూద్దామనే వచ్చాను.

నేను నల్గొండ జిల్లాలో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నెట్‌వర్క్ సెక్యూరిటీ మాకు ఒక పేపరుగా ఉంది. ఎన్‌క్రిప్షన్ రకాలు, ఫైర్‌వాల్ బొమ్మ, వైరస్‌కూ వార్మ్‌కూ తేడా, ఇంతే. పరీక్ష పాసవడానికి అది చాలు. ఫైనలియర్ పిల్లలు మాత్రం క్లాసు అయ్యాక నా వెనకే వచ్చి, "సార్, ఇది చేత్తో చేసి నేర్చుకునేది ఎక్కడ దొరుకుతది?" అని అడుగుతారు. వాళ్ల నాన్నలు ఆటో నడుపుతారు, పత్తి వేస్తారు, కొందరు దుబాయిలో ఉంటారు. ఫీజు కట్టాలంటే అప్పు చేయాలి. నేను చూడని చోటికి ఆ పిల్లల్ని ఎలా పంపను?

అమీర్‌పేటలో ఒక సంస్థ డెమో క్లాసుకు వెళ్లి కూర్చున్నాను. ఇరుకు మెట్లెక్కితే పైన ఏసీ హాలు, కిక్కిరిసిన కుర్చీలు. ట్రైనర్ గొంతు బాగుంది, విషయం మీద పట్టూ ఉంది. సమాచారం సేకరించడం, స్కాన్ చేయడం, లోపలికి వెళ్లడం, అక్కడ నిలవడం, ఆనవాళ్లు చెరపడం అని దశలన్నీ స్లైడ్ల మీద చూపించాడు. ఆ తర్వాత ఒక వీడియో. నల్లటి తెర మీద అక్షరాలు పరుగెత్తాయి, చివర్లో 'యాక్సెస్' వచ్చింది, హాలంతా చప్పట్లు కొట్టింది. కొట్టిన వాళ్లలో ఒక్కరి చేయి కూడా కీబోర్డు మీద పడలేదు.

క్లాసయ్యాక కౌన్సెలర్ అమ్మాయి దగ్గరికి వెళ్లాను.

"మీ బాబుకా సార్?"

"మా స్టూడెంట్స్‌కు అమ్మా. ల్యాబ్ ఒకసారి చూపిస్తారా?"

"ల్యాబ్ అంటే సార్, స్టూడెంట్స్ వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకుంటారు. సాఫ్ట్‌వేర్ మొత్తం మేమే ఇస్తాం. క్లాస్ రికార్డింగ్స్ లైఫ్‌టైమ్ యాక్సెస్. సర్టిఫికేషన్ ఎగ్జామ్‌కి డంప్స్, అదే పాత ప్రశ్నలు జవాబులు, కూడా ఉంటాయి."

అమీర్‌పేటను నేను తక్కువ చేయను. ఆ ఇరుకు గదుల్లో జావా నేర్చుకుని నిలదొక్కుకున్న మా పూర్వ విద్యార్థులు ఎందరో ఉన్నారు. ప్రోగ్రామింగ్‌కు ఆ పద్ధతి సరిపోతుంది. పొద్దున విన్నది రాత్రి హాస్టల్‌లో రాసి చూసుకోవచ్చు, తప్పయితే కంపైలరే చెబుతుంది. సిస్టమ్‌లోకి చొరబడి లోపాలు వెతికే పెన్‌టెస్టింగ్ అలా కుదరదు. దానికి దాడి చేయడానికి ఒక సిస్టమ్ కావాలి. ఆ సిస్టమ్ మనదై ఉండాలి, లేదా దాని యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. ఆ సిస్టమ్ ఇవ్వకుండా విద్య ఒక్కటే ఇస్తే, కుతూహలం ఉన్న కుర్రాడు ఏ స్కూలు వెబ్‌సైటు మీదనో, ఏ మున్సిపాలిటీ పోర్టల్ మీదనో చేయి చేసుకుంటాడు. 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్, 66వ సెక్షన్ ఉన్నాయి. అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇంకొకరి కంప్యూటర్‌లోకి చొరబడితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దురుద్దేశం లేదని నిరూపించుకోవాలన్నా ముందు పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. పందొమ్మిదేళ్ల పిల్లవాడి బతుకు అక్కడితో తలకిందులవుతుంది.

మాదాపూర్‌లో పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకడికి ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ప్యానెల్‌లో ఉన్న ఆడిటింగ్ కంపెనీలో వాడి ఉద్యోగం. బ్యాంకులకు, ప్రభుత్వ శాఖలకు వీఏపీటీ చేస్తారు. ఊళ్లో అందరూ హ్యాకింగ్ అనే పనికి వాళ్ల ఆఫీసులో వాడే మాటే వీఏపీటీ. వాడు ఒకటే చెప్పాడు: "సార్, ఎక్కడికెళ్లినా ఫీజు సంగతి తర్వాత. టార్గెట్ మెషీన్లు ఎక్కడున్నాయో చూపించమనండి. చూపిస్తే కూర్చోండి." ఆ మాట మీద కేపీహెచ్‌బీ కాలనీలో ఒక చిన్న శిక్షణ కేంద్రం అడ్రసు పంపాడు.

కేపీహెచ్‌బీలో అది మూడో అంతస్తు, కింద టిఫిన్ సెంటర్. బోర్డు చిన్నది, ముసుగు బొమ్మ లేదు. వీఏపీటీ టీముల్లో కొన్నేళ్లు పనిచేసిన ఇద్దరు స్నేహితులు నడుపుతున్నారు. వారాంతాల్లో మాత్రమే క్లాసు, బ్యాచికి పన్నెండు మందే. అనుమతి తీసుకుని ఆ వారాంతమంతా వెనక బల్ల మీద కూర్చున్నాను.

రెండు గదులు. మొదటి దాంట్లో తెల్లబోర్డు, కుర్చీలు. రెండోది ల్యాబ్. గోడవారగా ఇనుప ర్యాక్, దాని మీద ఏదో ఆఫీసు వాళ్లు తీసేస్తే కొన్న పాత డెస్క్‌టాప్‌లు, ఇరవై నాలుగు పోర్టుల స్విచ్, ఒక్కొక్క కేబుల్‌కీ తెల్ల టేపు మీద పెన్నుతో రాసిన నంబరు. ఆ స్విచ్ నుంచి వచ్చే తీగలన్నీ ఆ గదిలోని బల్లల దగ్గరే ఆగిపోతాయి. రూటర్‌కు గానీ ఇంటర్నెట్‌కు గానీ ఒక్క తీగా వెళ్లదు. ర్యాక్ మీదివి కావాలనే బలహీనంగా కట్టిన సిస్టమ్‌లు. వాటిని ఇంటర్నెట్‌కు తగిలిస్తే బయటివాళ్లెవరైనా దూరవచ్చు, లోపలి పిల్లల పొరపాటూ బయటికి పోవచ్చు. ఇంటర్నెట్‌లో ఏదైనా వెతుక్కోవాలంటే మొదటి గదిలోకి వచ్చి వేరే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాబ్ గదిలోకి వస్తే ఆ రోజుకు ఇంటికే.

లోపలికి పోయే ముందు ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఏ చిరునామాల నుంచి ఏ చిరునామాల దాకా పరీక్షించవచ్చో, ఏ గంట నుంచి ఏ గంట దాకా చేయవచ్చో, ఏవి చేయకూడదో అందులో ఉంది. సిస్టమ్ కుప్పకూలేలా చేసే దాడులు కూడదు, పక్క బల్ల వాళ్ల ల్యాప్‌టాప్ జోలికి పోకూడదు. ఏదైనా తేడా వస్తే ఎవరికి చెప్పాలో అడుగున రాసి ఉంది. సొంత ల్యాబ్‌లో ఇంత కాగితం దేనికని నాకు అనిపించింది. పైకి అనకముందే ఇక్కడి ట్రైనర్ ఆ సంగతి ఎత్తి ఒక ఉదంతం చెప్పాడు.

2019 సెప్టెంబర్‌లో అమెరికాలో అయోవా రాష్ట్రం అడెల్ అనే ఊళ్లో ఇద్దరు టెస్టర్లు అర్ధరాత్రి కోర్టు భవనంలోకి వెళ్లారు. భద్రత ఎలా ఉందో పరీక్షించమని రాష్ట్ర న్యాయవ్యవస్థే వాళ్ల కంపెనీతో ఒప్పందం చేసుకుంది. వాళ్ల చేతిలో అనుమతి పత్రం ఉంది. అలారం మోగింది, షెరీఫ్ వచ్చాడు. ఈ భవనం కౌంటీది, రాష్ట్రం అనుమతిస్తే సరిపోదన్నాడు. ఇద్దర్నీ జైల్లో పెట్టారు, దొంగతనానికి చొరబడ్డారని కేసు రాశారు. కేసు కొట్టేసేసరికి 2020 వచ్చింది. "వాళ్ల దగ్గర కాగితం ఉంది," అన్నాడు ట్రైనర్. "మరి ఏం లేదు?" క్లాసు కాసేపు ఆలోచించింది. వరంగల్ నుంచి వచ్చిన కుర్రాడు, "సంతకం పెట్టినాయనకు ఆ బిల్డింగ్ మీద హక్కు ఉందో లేదో చూసుకోలే అన్నా," అన్నాడు. ట్రైనర్ అదే వాక్యాన్ని బోర్డు మీద రాశాడు. సాయంత్రం దాకా చెరపలేదు.

నేను ఎక్కువసేపు గమనించింది నరసరావుపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయిని. డిప్లొమా చేసి, లేటరల్ ఎంట్రీలో బీటెక్‌కు వెళ్లి, ఇప్పుడు ఎస్సార్ నగర్ హాస్టల్‌లో ఉంటోంది. పొడుగాటి రూళ్ల నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు తెచ్చుకుంది. అందరికీ ఇచ్చిన మొదటి మెషీన్ మెటాస్ప్లాయిటబుల్ 2. ర్యాపిడ్7 కంపెనీ అభ్యాసం కోసమే ఉచితంగా ఇస్తున్న, రంధ్రాల మయమైన లైనక్స్ అది. అమ్మాయి ఈ పనికి కావలసిన పనిముట్లు ముందే ఉన్న కాలీ లైనక్స్ తెరిచి, తెరిచి ఉన్న పోర్టులు వెతికే ఎన్‌మ్యాప్ నడిపింది. 1997లో పుట్టిన ఈ పనిముట్టు ఇప్పటికీ ఈ వృత్తిలో అందరూ మొదట చేయి పెట్టేది. తెర మీద ఇరవైకి పైగా తెరిచి ఉన్న పోర్టులు, అంటే మెషీన్ లోపలికి దారితీసే అంకెల తలుపులు, బారులు తీరాయి. మొదటి వరసలోనే 21వ పోర్టు, ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ, దాని పక్కన ఆ సాఫ్ట్‌వేర్ పేరు 'వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4'.

ఆ అంకె వెనక ఒక కథ ఉంది. 2011లో ఈ సాఫ్ట్‌వేర్ అసలు డౌన్‌లోడ్ సైటులోనే ఎవరో ఫైలు మార్చేశారు. కొన్నాళ్ల పాటు దించుకున్న వాళ్లందరికీ దొంగదారి ఉన్న కాపీ చేరింది. జూలై మొదట్లో సంగతి బయటపడింది. యూజర్ పేరు చివర ఒక కోలన్, దాని పక్కన మూసే బ్రాకెట్, అంటే మనం చాటింగ్‌లో నవ్వుకు పెట్టే గుర్తు, పెడితే చాలు. సర్వర్ 6200వ పోర్టులో చప్పుడు లేకుండా ఒక తలుపు తెరుస్తుంది.

మెటాస్ప్లాయిట్ అనే దాడి పనిముట్టులో దీనికి తయారుగా ఒక మాడ్యూల్ ఉంది. నాలుగు ఆదేశాలిస్తే పని అయిపోతుంది. ఇక్కడ మొదటిసారి దాన్ని ముట్టుకోనివ్వరు. చేత్తోనే చేయాలి. అమ్మాయి ఒక కిటికీలో 21వ పోర్టుకు కనెక్టయింది, పేరు కొట్టింది, నవ్వు గుర్తు పెట్టింది. పాస్‌వర్డ్ అడిగితే ఏదో కొట్టింది. అంతే, తెర బిగుసుకుపోయింది. ఒక నిమిషం చూసింది. మూసేసి మళ్లీ మొదటి నుంచి చేసింది. మళ్లీ అదే.

"అన్నా, హ్యాంగ్ అయిపోతందండి."

ట్రైనర్ వచ్చాడు, నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. "హ్యాంగ్ అయింది సరే. ఆ టైములో అవతలి మెషీన్‌లో ఏమై ఉంటుంది?"

మా ఊళ్లో మగ్గం నేర్పే పెద్దవాళ్లు కూడా ఇంతే, నేర్చుకునేవాడి చేతిలోంచి నాడె లాక్కోరు. ఆ అమ్మాయి నోటుపుస్తకం చూసుకుంది. 6200 దగ్గర పెన్ను ఆగింది. బిగుసుకున్న కిటికీని ఈసారి అలాగే వదిలేసి, రెండో కిటికీ తెరిచి 6200కు కనెక్టయింది. ఏమీ రాలేదు, ఖాళీ గీత మాత్రం మినుకుమంటోంది. ఆ ఖాళీలోనే 'ఐడీ' అని రెండక్షరాల ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కింది. జవాబు వచ్చింది: యూఐడీ సున్నా, రూట్. ఆ మెషీన్ మీద సర్వాధికారం.

"షెల్ వచ్చిందండీ!" అని లేచి నిలబడింది. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పారు. ట్రైనర్ నవ్వి, "స్క్రీన్‌షాట్ తీశావా? అందులో ఐపీ అడ్రస్, టైము కనిపిస్తున్నాయా?" అని అడిగాడు. తీయలేదు. మళ్లీ చేయించాడు.

అమీర్‌పేట వీడియోలో చివరికి వచ్చిందీ ఇదే. అక్కడ అది రావడానికి కొన్ని క్షణాలు పట్టింది, చూసినవాళ్లకు ఒక పేరు మిగిలింది. ఇక్కడ ఈ అమ్మాయికి పొద్దుటిపూటంతా పట్టింది. కనెక్షన్ ఎందుకు బిగుసుకుంటుందో, పోర్టు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఖాళీ తెర వెనక ఏముంటుందో ఆమె వేళ్లకు తెలిసింది. రేపు ఎక్కడైనా ఇంకో సర్వర్ ఇలా బిగుసుకుంటే పని చెడిందని ఆమె మూసేయదు. నేను వెతుకుతున్న ప్రాక్టికల్ ఇదేనని నాకు ఖాయమైంది.

రెండో మెషీన్ దగ్గర అసలు పరీక్ష. ఎన్‌మ్యాప్‌లో ఒక్క వెబ్‌సైటు తప్ప ఏమీ కనపడలేదు. ఆ సైటులో నొక్కడానికి మీట లేదు, ఫారం లేదు, లాగిన్ లేదు. భోజనానికి ముందు మొదలుపెట్టిన వాళ్లు టీ వేళకూ అక్కడే ఉన్నారు. ఆ గదిలో ఒక నియమం ఉంది: సాయం అడగాలంటే ముందు మూడు సంగతులు కాగితం మీద రాయాలి. ఏం చేశాను, ఏం వచ్చింది, ఏమై ఉంటుందనుకుంటున్నాను. ముగ్గురు రాయడం మొదలుపెట్టి, రాస్తూ రాస్తూనే దారి దొరికి కాగితం పక్కన పడేశారు. నరసరావుపేట అమ్మాయి మాత్రం కాగితం తీసుకెళ్లి ఇచ్చింది. ట్రైనర్ దాని మీద ఒక్క చోట సున్నా చుట్టి తిరిగిచ్చాడు. 'ఎన్‌మ్యాప్ చేశాను' అన్న చోట. ఎన్‌మ్యాప్‌కు విడిగా చెప్పకపోతే ఎక్కువగా వాడే వెయ్యి పోర్టులే చూస్తుంది. ఉన్నవి 65,535. ఆమె మొత్తం పోర్టులకు స్కాన్ పెట్టింది. ఎక్కడో యాభై వేల పైన ఒక పోర్టులో ఇంకో లాగిన్ పేజీ దొరికింది.

నన్ను బాగా కదిలించింది ఆదివారం మధ్యాహ్నం. ఆ పూటంతా ఒక్కరూ ల్యాబ్ గదిలోకి పోలేదు. రిపోర్టు రాశారు. ఈ వృత్తిలో డబ్బులిచ్చేది ఆ రిపోర్టుకే. లోపలికి వెళ్లగలిగావు సరే, దాన్ని చదివి బ్యాంకు మేనేజరు భయపడాలి, సర్వర్ చూసుకునే ఇంజినీరు దాన్ని మూయగలగాలి. పన్నెండు మందిలో సగం మంది తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఇంగ్లిష్‌లో రాయమంటే పెన్ను కదల్లేదు. ట్రైనర్ వాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి, "ముందు తెలుగులో చెప్పండి. నేను బ్యాంకు మేనేజర్‌ని. నాకు కంప్యూటర్ రాదు," అన్నాడు.

నరసరావుపేట అమ్మాయి వంతు వచ్చింది. "మీ ఎఫ్‌టీపీ సర్వర్‌లో వాడుతున్న వెర్షన్‌లో దొంగదారి ఉందండి. పాస్‌వర్డ్ తెలియకపోయినా ఎవరైనా లోపలికి రావచ్చండి."

"వస్తే నాకేంటమ్మా?"

ఆమె ఆగింది. ఆలోచించుకుంది. "ఆ మెషీన్‌లో ఏముంటే అదంతా వాళ్లదేనండి. మీ కస్టమర్ల వివరాలుంటే అవీ, అక్కడి నుంచి వేరే మెషీన్‌కి దారి ఉంటే అదీ."

"మరి నేనేం చేయాలి?"

"ఇవాళే ఆ సర్వీస్ ఆపండి. దానికి కొత్త వెర్షన్ ఎక్కించండి. ఎఫ్‌టీపీనే అవసరం లేకపోతే తీసేసి ఎస్ఎఫ్‌టీపీ పెట్టుకోండి. ఈ దొంగదారి ఇంతకుముందు ఎవరైనా వాడారేమో కూడా వెతికించండి."

ఆ చివరి మాట ఎవరూ నేర్పలేదు. ఆమెకే తోచింది. ట్రైనర్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఇదే రాయి. ఇదే వరసలో. ఇంగ్లిష్ మనం తర్వాత దిద్దుకుందాం." సాయంత్రానికి ఆ రిపోర్టు మూడుసార్లు తిరగరాసింది. తీవ్రత అన్న చోట పదికి 9.8 అని ఉంది. ఆ లోపానికి ఉన్న సీవీఈ నంబరు, రుజువుగా స్క్రీన్‌షాట్లు, మళ్లీ ఎవరైనా చేసి చూసుకునేలా ఒక్కో మెట్టు. భాష సాదాగా ఉంది. విషయం ఎక్కడా జారలేదు. ఇంగ్లిష్ రాదన్న ఒక్క కారణంతో మా పిల్లలు ఎన్ని గదుల బయట ఆగిపోయారో నాకు తెలుసు. ఇక్కడ ఆ గడప దాటించడానికి ఒక మనిషి ఓపికగా కూర్చున్నాడు.

బ్యాంకు మేనేజర్ వేషం ట్రైనర్ ఊరికే వేయలేదు. మధ్యలో ఒక గంట, హైదరాబాద్‌లోనే జరిగిన ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతాన్ని బోర్డు మీద గీశాడు. 2022 జనవరిలో ఆ బ్యాంకు నుంచి పన్నెండు కోట్లకు పైగా సొమ్ము వేరే ఖాతాల్లోకి మళ్లిపోయింది. ఉద్యోగులకు నకిలీ మెయిళ్లు వచ్చాయని, అవి తెరవడంతో దొంగలకు దారి దొరికిందని పోలీసులు తేల్చారు. మెయిల్ నుంచి ఉద్యోగి కంప్యూటర్, అక్కడి నుంచి లోపలి నెట్‌వర్క్, అక్కడి నుంచి డబ్బు కదిలే సర్వర్ అని బాణాలు గీసుకుంటూ పోయి, ఒక్కో బాణం దగ్గరా ఆగి, "నిన్ను ముందే టెస్టింగ్‌కు పిలిచి ఉంటే దీన్ని ఎలా పట్టుకునేవాడివి?" అని అడిగాడు. దిన పత్రికలో చదివి పక్కన పెట్టిన వార్త పాఠంగా మారితే ఎంత బలముంటుందో అప్పుడు చూశాను. అంతకు ముందు 2017 మేలో వానాక్రై అనే వార్మ్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్న సంగతీ చెప్పాడు. అది దూరిన రంధ్రాన్ని మూసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. ఈ రెండూ మన ఊళ్ల కథలే. పిల్లలు వాటిని విన్న తీరు వేరుగా ఉంది.

సర్టిఫికెట్ల మాట అడిగాను, ఎందుకంటే తల్లిదండ్రులు మొదట అడిగేది అదే. ట్రైనర్ దాచకుండా చెప్పాడు. సీఈహెచ్, అంటే సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్, పేరు హెచ్‌ఆర్ వాళ్లకు తెలుసు, రెజ్యూమె వడపోతలో పనికొస్తుంది. కానీ దాని ప్రధాన పరీక్ష నాలుగు గంటల్లో 125 బహుళైచ్ఛిక ప్రశ్నలు. డంప్స్ బట్టీపట్టి గట్టెక్కిన వాళ్లను ఇంటర్వ్యూలో ఆయనే చూశాడట, మెషీన్ ముందు కూర్చోబెడితే చేయి ఆడలేదట. చేత్తో చేసే ఆరు గంటల ప్రాక్టికల్ పరీక్ష వేరుగా ఉంది, దాన్ని రాసేవాళ్లు తక్కువ. ఆఫ్‌సెక్ అనే సంస్థ ఇచ్చే ఓఎస్‌సీపీ సర్టిఫికెట్ ఇంకో దారి. 23 గంటల 45 నిమిషాలు వెబ్‌క్యామ్ నిఘాలో మెషీన్ల మీద దాడి చేయాలి, నూటికి డెబ్బై రావాలి, ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల్లో రిపోర్టు పంపాలి. రిపోర్టు సరిగా లేకపోతే లోపలికి వెళ్లిన మార్కులూ పోతాయి. కరెంటు పోతుందనే భయంతో ఆయన ఆ పరీక్ష ఇన్వర్టర్ ఉన్న స్నేహితుడి ఇంట్లో రాశాడు, మొదటిసారి తప్పి రెండోసారి గట్టెక్కాడు. కోర్సూ పరీక్షా కలిపి లక్షన్నర దరిదాపుల్లో అవుతుంది. సాన్స్ అనే సంస్థ కోర్సులైతే ఆరు రోజులకు ఎనిమిది వేల డాలర్లకు పైమాటే. అవి కంపెనీలు కట్టి పంపేవి, మన పిల్లలు సొంతంగా కట్టుకునేవి కావు.

"అయితే డబ్బు లేనివాళ్లు?" అన్నాను.

ఆయన నా నోటుపుస్తకం తీసుకుని తానే రాశాడు. వెబ్‌సైట్ల పరీక్షకు వాడే బర్ప్ సూట్ తయారుచేసే పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ పూర్తిగా ఉచితం, రెండు వందలకు పైగా ల్యాబులు ఉన్నాయి, ఒక్కొక్కటీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. లైనక్స్ రానివాళ్లు ఓవర్‌దవైర్‌లోని బ్యాండిట్ ఆటతో మొదలుపెట్టాలి, ఒక్కో మెట్టులో దొరికిన పాస్‌వర్డే తర్వాతి మెట్టుకు తాళం. ట్రైహ్యాక్‌మీ సైటులో 'గదులు' అనే పాఠాల్లో కొన్నింటికి డబ్బు కట్టక్కర్లేదు. కావాలనే లోపాలతో కట్టిన ఓవాస్ప్ జ్యూస్ షాప్ సొంత కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు. ఇవన్నీ అనుమతి ముందే ఇచ్చిన లక్ష్యాలు, చట్టం భయం లేదు. మనుషుల తోడు కావాలంటే నల్ అనే సెక్యూరిటీ సమూహానికి హైదరాబాద్ శాఖ ఉంది, సమావేశాలకు డబ్బు తీసుకోరు. వాళ్లు హమ్లా పేరుతో పెట్టే సభల్లో ల్యాప్‌టాప్ తెచ్చుకుని చేసి చూడటమే పని. ప్రభుత్వ సంస్థలోనే చదవాలంటే సీడాక్‌లో ఐటీ మౌలిక వ్యవస్థలు, భద్రత మీద పీజీ డిప్లొమా ఉంది, సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. అయితే అది డిగ్రీ అయ్యాకే. ఇంజినీరింగ్ చదువుతూనే పోటీల్లో దిగాలనుకునే వాళ్లకు కేరళలో అమృత విశ్వవిద్యాపీఠం పిల్లల బయోస్ జట్టును చూడమన్నాడు. సీటీఎఫ్ అనే ఈ హ్యాకింగ్ పోటీల్లో దేశంలో ముందు వినిపించే పేర్లలో అదొకటి, అక్కడ సీనియర్లు జూనియర్లకు నేర్పుకుంటూ వచ్చారు.

ఇంత చెప్పాక ఆయన అన్న ఇంకో మాట రాయక తప్పదు. ఉచితంగా ఇంత ఉన్నా తన దగ్గరికి డబ్బు కట్టి ఎందుకొస్తున్నారంటే, ఇరుక్కున్నప్పుడు పక్కన నిలబడే మనిషి కోసం, రాసింది దిద్దే మనిషి కోసం. కోర్సు కొనేవాళ్లు ఆ రెండింటికే డబ్బు కడుతున్నామని తెలుసుకోవాలని ఆయన మాట. అందుకే ఏ సంస్థకు వెళ్లినా నేను ఇప్పుడు పిల్లలతో అడిగిస్తున్న ప్రశ్నలు మారాయి. బ్యాచిలో ఎంతమంది? పాత విద్యార్థి రాసిన రిపోర్టు, పేర్లు చెరిపేసి, ఒకటి చూపిస్తారా? మెషీన్లు క్లాసు అయ్యాక కూడా అందుబాటులో ఉంటాయా? ట్రైనర్ చివరిసారి అసలు టెస్టింగ్ ఎప్పుడు చేశాడు? ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని మొదటి మాటగా అన్నవాళ్ల దగ్గర ఈ ప్రశ్నలకు జవాబు దొరకడం లేదు.

వెళ్లే ముందు నేను నా కాలేజీ సంగతి అడిగాను. మా స్టోర్ రూములో నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లు పది దాకా ఉన్నాయి. స్క్రాప్‌కు రాసి పెట్టారు. పనికొస్తాయా?

"మెటాస్ప్లాయిటబుల్‌కు అర జీబీ చాలు సార్. వాటి మీద నాలుగు మెషీన్లు నడపొచ్చు. ఒక స్విచ్ కొనండి, కేబుల్స్ మీరే చేసుకోండి, పిల్లలకు క్రింపింగ్ కూడా వచ్చేస్తది. కాకపోతే ఆరు వారాల దాకా కాలీ చేతికి ఇవ్వకండి. అప్పటిదాకా లైనక్స్, నెట్‌వర్కింగ్ మాత్రమే. టీసీపీ కనెక్షన్ ఎలా మొదలవుతుందో వైర్‌షార్క్‌లో వాళ్లే పట్టి చూడాలి. అది రాకుండా స్కాన్ చేస్తే తెర మీద వచ్చింది చదవలేరు." ఆ తర్వాత తన అనుమతి పత్రం ఒక కాపీ ఇచ్చి, సంస్థ పేరున్న చోటల్లా గీత గీశాడు. "ఇక్కడ కాలేజీ పేరు రాయండి. సంతకం ప్రిన్సిపాల్ గారిది కావాలి, మీది చాలదు. కాలేజీ వైఫైకి ఈ స్విచ్ తగలదని కూడా రాయండి."

పత్రం తిరగరాసి, దానితో పాటు ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం పెట్టాను. స్క్రాప్ జాబితాలోంచి పది సిస్టమ్‌లు తీసివ్వాలి, ఇరవై నాలుగు పోర్టుల స్విచ్ ఒకటి కొనాలి, మూడో అంతస్తులో ఖాళీగా ఉన్న డ్రాయింగ్ హాలు పక్క గది కేటాయించాలి. గది కిటికీకి గ్రిల్ ఉంది, తాళం వేరుగా ఉంది. ఆయన అన్నీ చదివి, అనుమతి పత్రంలో ఒక్కో షరతు ఎందుకో అడిగి తెలుసుకున్నారు. చివర్లో ఒకటే సందేహం: శనివారాలు పిల్లలతో ఎవరు కూర్చుంటారని. నేను కూర్చుంటానని అదే కాగితం అడుగున రాసి సంతకం పెట్టాను.